రిఫరల్ చీటీ మందు కాదు

మన పల్లెల్లో దీన్ని గుర్రపువాతం అంటారు. నిండు గర్భిణికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. గాలి సోకిందని కొందరు, తలరాత అని కొందరు సరిపెట్టుకుంటారు. ఇది గాలీ కాదు, తలరాతా కాదు. అయిదో నెల దాటిన గర్భిణికి బి.పి. 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తే అది హెచ్చరిక. బి.పి. 160/110కి చేరినా, విడవని తలపోటు, చూపు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి తోడైనా ప్రాణాపాయం దగ్గర పడినట్టే. కాన్పయిన తర్వాత కూడా ఈ ముప్పు తప్పిపోదు.

దీనికి మందు లేదా? ఉంది. ఖరీదైనదీ కాదు. దాని పేరు మెగ్నీషియం సల్ఫేట్. ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపడంలో ఇతర మందులకన్నా ఇదే మేలని 1995లోనే తేలింది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనం, ఇది ఫిట్స్ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని చెప్పింది. శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం. మొదటి మోతాదు ఇచ్చి, ఆ తర్వాతే పై ఆసుపత్రికి పంపాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2010లోనే చెప్పాయి.

మరి మన దగ్గర జరగాల్సింది ఏమిటి? దివిసీమలో నాగాయలంక అవతల కృష్ణ పాయల మధ్య ఉన్న ఎదురుమొండి దీవిని తలచుకోండి. రాత్రిపూట అక్కడ ఒక గర్భిణికి ఫిట్స్ వస్తే ఏటిని దాటాలి, అవనిగడ్డ చేరాలి, అక్కడ కాదంటే బందరు పెద్దాసుపత్రికి పోవాలి. గుడివాడ చుట్టుపక్కల రోడ్లున్న ఊళ్లకు కూడా ఆ గంటలో దూరం దూరమే. 108 బండి దూరాన్ని తగ్గించగలదు గాని ఫిట్స్‌ను ఆపలేదు. ఆమె మొదట తొక్కిన గడపలోనే ఆ ఇంజెక్షన్ పడాలి.

అలా పడనప్పుడు నింద ఎవరి మీద పడుతుంది? ఏ.ఎన్.ఎం. మీద! ఇలాంటి కేసు ఆమెకు ఏళ్లకొకటి ఎదురు కావచ్చు. ఎప్పుడో ఒకసారి తరగతిలో విన్న మోతాదు చేతికి గుర్తుండదు. ఊపిరి ఆగిపోతే ఎలాగన్న భయం ఆమెది. శ్వాస, మోకాలి కదలిక, మూత్రం ఎలా గమనించాలో నేర్పి, విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా ఉంచితే ఆ భయం తగ్గుతుంది. అవేవీ ఇవ్వకుండా రిజిస్టర్లు మాత్రం నింపమంటే తప్పు ఆమెది కాదు, వ్యవస్థది.

అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు కలకత్తాకే కాదు, కోడూరుకూ వర్తిస్తుంది. కాబట్టి మనం అడుగుతున్నది దయ కాదు.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షలు జరిగే చోటికి మన కార్యకర్తలు వెళ్లాలి. బి.పి. మిషన్ పనిచేస్తోందా? మూత్రపరీక్ష స్ట్రిప్పులున్నాయా? మెగ్నీషియం సల్ఫేట్ గడువు దాటలేదు కదా? మూడు నెలలకోసారైనా సిబ్బంది చేత చేయించి చూస్తున్నారా? రాత్రి ఫోన్ ఎత్తే డాక్టరు ఎవరు? ఈ అయిదు ప్రశ్నలూ అడిగి, జవాబులు రాసుకుని, మండలం నుంచి జిల్లా దాకా అందరి ముందూ పెడదాం. ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను ఎదుట నిలబెట్టి కాదు, పక్కన నిలబెట్టుకుని అడుగుదాం.