పట్టుదలకు తోడు కూడా కావాలి

సంపాదకులకు,

ఎదురుదెబ్బలు తిన్న పారిశ్రామికవేత్తల విజయాన్ని గత సంచికలోని వ్యాసం పూర్తిగా వ్యక్తిగత పట్టుదల ఖాతాలోనే వేయడం సమంజసం కాదు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ చరిత్ర మరో పాఠం చెబుతుంది. విదేశీ సాంకేతికత దక్కని స్థితిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పరిశోధనకు చోటివ్వగా, ఒమన్ నుంచి పెట్టుబడి అందగా, శాస్త్రవేత్తలు హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును ఈస్ట్ కణంలో చొప్పించి, ఆ కణం చేతనే టీకా పదార్థాన్ని తయారు చేయించే రీకాంబినెంట్ పద్ధతిని సాధించారు. 1997లో టీకా విడుదలై, సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది.

2009లో ఆ సంస్థ ఫ్రెంచి ఔషధ కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది. మరుసటి ఏడాది శాంతా తయారుచేసిన మరో టీకా శాన్5 సీసాల్లో తెల్లని మడ్డి కనిపించడంతో, ఐక్యరాజ్యసమితి సంస్థల కొనుగోళ్లకు ఆధారమైన ముందస్తు అర్హత గుర్తింపును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపసంహరించింది. ఆ గుర్తింపు తిరిగి దక్కేసరికి 2014 వచ్చింది. ఇంతటి నిరీక్షణను భరించడానికి గుండెధైర్యంతో పాటు ఓపిక గల పెట్టుబడి, నిపుణుల బృందం కూడా అవసరం. కనుక పడినవారికి లేవమని హితవు చెప్పడంతో సరిపెట్టక, లేవడానికి ఊతమిచ్చే ప్రయోగశాలలను, రుణ వ్యవస్థలను బలపరచడం సమాజం బాధ్యత.

— ఒక పాఠకుడు, హైదరాబాదు