షుగర్ సరే.. కొలెస్ట్రాల్ ఎప్పుడు చెక్ చేయించుకున్నారు? మూడూ కంట్రోల్‌లో ఉన్నది 7.7 శాతం మందికే!

షుగర్ పేషెంట్లను ‘ఎంత ఉంది?’ అని అడగండి. ఠక్కున నంబర్ చెప్పేస్తారు. అదే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ ఎంత అంటే మాత్రం చాలామంది తెల్లముఖం వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు పెంచేది ఇదే!

ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్కలు 2022లో లాన్సెట్ గ్రూప్ జర్నల్‌లో వచ్చాయి. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లలో ఎల్‌డీఎల్ అదుపులో ఉన్నది 41.5 శాతం మందికే. షుగర్, బీపీ, ఎల్‌డీఎల్ మూడూ అదుపులో ఉన్నవాళ్లయితే మరీ ఘోరం.. 7.7 శాతమే. అది కూడా ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే చాలు అనుకుంటేనే. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 గైడ్‌లైన్స్ ప్రకారం షుగర్ లాంటి హై రిస్క్ ఉన్నవాళ్లకు 70 లోపే ఉండాలి.

ఎందుకిలా? ఊళ్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు చేసే స్క్రీనింగ్‌లో ఉండేవి బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లు. 2025 నాటికి 7.5 కోట్ల మందికి వైద్యం అందిస్తామని కేంద్రం పెట్టుకున్న టార్గెట్ కూడా బీపీ, షుగర్‌ల మీదే. ఆ లెక్కల్లో కొలెస్ట్రాల్ లేదు. మరి పీహెచ్‌సీలో దాని గురించి అడిగేదెవరు? షుగర్ అయితే వేలి మీద చుక్క రక్తంతో అక్కడికక్కడే తేలిపోతుంది. దీనికి చాలాచోట్ల శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాలి.

ఇంకో సమస్య మాత్ర ఆపేయడం. రిపోర్ట్ నార్మల్ వచ్చిందని స్టాటిన్ మానేస్తారు. కొన్ని వారాల్లోనే కొలెస్ట్రాల్ మళ్లీ పెరుగుతుంది, కానీ ఒంట్లో తేడా ఏమీ తెలియదు. స్టాటిన్‌తో షుగర్ పెరుగుతుందన్న భయం కూడా ఉంది. కొద్దిగా పెరిగే మాట నిజమే. అయితే షుగర్ ఉన్నవాళ్లకు గుండె విషయంలో జరిగే మేలు దానికంటే ఎక్కువ. కండరాల నొప్పులు వస్తే డాక్టర్‌కి చెప్పాలి, డోసో మందో మారుస్తారు. చెప్పకుండా మానేస్తేనే చిక్కు.

తప్పంతా పేషెంట్లదే అనలేం. ఎల్‌డీఎల్ దిగకపోయినా ఏళ్ల తరబడి అదే డోస్ రాసిచ్చే డాక్టర్లూ ఉన్నారు. డోస్ డబుల్ చేస్తే అదనంగా తగ్గేది దాదాపు 6 శాతమే. అందుకే అవసరమైతే ఎజెటిమైబ్ లాంటి రెండో మందు కలుపుతారు.

ఇంకో మాట.. 2024 గైడ్‌లైన్స్ ప్రకారం మొదటి కొలెస్ట్రాల్ టెస్ట్‌కి పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. తిన్నాక షుగర్ టెస్ట్‌కి వెళ్లినప్పుడే లిపిడ్ ప్రొఫైల్ కూడా రాయమని డాక్టర్‌ని అడగొచ్చు.