పుస్తకం బాగుచేసే బల్లను వరండాలో వేయండి

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మొదటిరోజు నెహ్రూ పటానికి దండ, పిల్లలకు చాక్లెట్లు. తర్వాత పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, క్విజ్, ముగ్గుల పోటీ. చివరిరోజు బహుమతులు, శాలువాలు. ఉద్యోగమంతా శాఖా గ్రంథాలయాల్లోనే చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఇవన్నీ నేనూ జరిపించినవే. వీటిలో ఏదీ మానేయమనను. ఆ వారంలో ఒక్క మధ్యాహ్నం మాత్రం నాకు ఇమ్మంటున్నాను. గ్రంథాలయం వరండాలో ఒక బల్ల వేసి, చిరిగిన పుస్తకాన్ని ఎలా బాగుచేస్తారో జనం కళ్లముందు చేసి చూపించాలి. చూపించి ఊరుకోకుండా వాళ్ల చేత చేయించాలి.

అది గ్రంథాలయం వాళ్ల పని కదా, జనానికెందుకు అంటారు. పాత పుస్తకాలన్నీ గ్రంథాలయం బీరువాల్లోనే ఉంటే ఆ మాట నిజమే. కానీ తాతల నాటి భారత భాగవతాలు, పెద్దబాలశిక్షలు, బైండు చేయించిన చందమామలు, నాటువైద్యం రాసుకున్న నోటు పుస్తకాలు మన ఇళ్ల అటకల మీదున్నాయి. మా నూజివీడు వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ఇళ్లలో పుస్తకాల పెట్టె ఉన్న గదిలోనే వేసవిలో వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగేస్తారు. ఆ వేడికీ తేమకీ పురుగు చేరుతుంది. కాయల పని అయ్యేసరికి మృగశిర వానలు పడతాయి. పెట్టె తెరిచేది మళ్లీ ఏ దసరాకో. అప్పటికి అట్టల మీద బూజు, లోపల చెదలు. ఆ ఇంటికి ఏ ప్రభుత్వ నిపుణుడూ రాడు. పుస్తకం దక్కాలంటే ఆ ఇంట్లోవాళ్ల చేతికే పని రావాలి.

పని చేతికి రావడం ఎలాగో నూజివీడు మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి — మా తోటల్లో ఉన్నవన్నీ అంటుమొక్కలే. అంటు కట్టడం ఎవరూ ఉపన్యాసం విని నేర్చుకోలేదు. నర్సరీలో గట్టిచేయి ఉన్నవాడి పక్కన కూర్చుని, కొమ్మను ఎంత ఏటవాలుగా కోయాలి, పట్టీ ఎంత బిగించాలి అన్నది చూసి, చేసి, నాలుగు మొక్కలు చంపి నేర్చుకున్నారు. ఊళ్లోనే మామిడి పరిశోధనా స్థానం ఉంది. కొమ్మ కత్తిరింపులైనా, కాయకు కవరు తొడగడమైనా చెట్టు కింద నిలబెట్టి చూపిస్తేనే మా రైతు నమ్ముతాడు. వ్యవసాయ శాఖ పొలంబడి పెట్టిందీ అందుకే. చిరిగిన కాగితాన్ని అతకడం కూడా అంటు కట్టడంలాంటి పనే. రెండు అంచులూ కలవాలి, కట్టు ఎక్కువైనా తక్కువైనా చెడుతుంది. మొక్కకు పొలంబడి ఉన్నప్పుడు పుస్తకానికి వరండాబడి ఎందుకుండకూడదు?

రిటైరయ్యాక వేసవి సెలవుల్లో మా ఊళ్లో ఈ ప్రయత్నం చేస్తూ వస్తున్నాను. ఇద్దరు ముగ్గురు పిల్లలు, పాత బైండింగు పనివాడు ఒకాయన, నేను. జనం పుస్తకాల కోసం రారని అక్కడే తెలిసింది. వాళ్లొచ్చేది కాగితాల కోసం. పట్టాదారు పాసుపుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్టు, తాతగారి దస్తావేజు పట్టుకుని వస్తారు. ఒక పెద్దాయన దస్తావేజు నాలుగు మడతల దగ్గరా చిరిగితే ఎప్పుడో సెల్లోటేపు వేయించాడు. టేపు ఊడిపోయింది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు పట్టీలా మిగిలింది. ఆ పట్టీ కింద సరిహద్దుల వివరం మసకబారింది.

“అమ్మాయ్, దీన్ని తీసేయొచ్చా?” అన్నాడు.

“ఇక్కడ తీయకూడదు బాబాయ్. దీనికి మందులు వాడాలి, అది లాబొరేటరీ పని. మళ్లీ టేపు మాత్రం వేయించకండి. మడతలు విప్పి, చదునుగా మంచి కాగితాల మధ్య పెట్టుకోండి” అన్నాను.

ఆయన వెంటనే వెళ్లిపోలేదు. పిల్లలు చేస్తున్న పని చూస్తూ కూర్చున్నాడు. మరునాడు ఇంట్లోని భాగవతం తెచ్చాడు. కాగితం కోసం వచ్చినవాళ్లు పుస్తకం దాకా వచ్చే దారి ఇదే.

ఆ బల్ల మీద ఏం చేస్తామో చెప్పకపోతే ఇదేదో పెద్ద విద్య అనుకుంటారు. ముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడం. లోపలి కుట్టు వైపు నుంచి బయటికి, ఒక్కొక్క పేజీ. ఇందులోనే సగం పని అయిపోతుంది. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది, తేమ ఉన్నచోట బూజు లేస్తుంది. తర్వాత జిగురు. మైదాను ముద్దలా కలిపి నీళ్లలో పిసికితే సాగే పదార్థం చేతిలో మిగులుతుంది, తెల్లటి పిండి గిన్నె అడుగున పేరుకుంటుంది. ఆ పిండిని సన్నసెగ మీద ఉడికించి, వడకట్టి, పల్చగా చేసుకోవాలి. బైండింగు జిగురులో మైలుతుత్తం కలపడం మనవాళ్ల అలవాటు. పురుగు రాకుండా పనికొచ్చే మాట నిజమే గానీ, అందులోని రాగి కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. అందుకే మేం కలపం. ఏ పూటకాపూట ఉడికించుకుంటాం.

అతికే కాగితం జపాన్ టిష్యూ. ఒక రకం మల్బరీ చెట్టు నారతో చేస్తారు. ఉల్లిపొరలా పల్చగా ఉన్నా పీచు పొడవు కాబట్టి గట్టిది. దాన్ని కత్తెరతో కత్తిరించకూడదు. తడి కుంచెతో గీత గీసి చేత్తో చింపాలి. అప్పుడు అంచున పీచులు బయటికి వస్తాయి. ఆ పీచులే పాత కాగితాన్ని పట్టుకుంటాయి. జిగురు రాసి, చిరుగు మీద పరిచి, పైన కిందా అద్దుడు కాగితం పెట్టి బరువు పెడతాం. ఆరాక అక్షరాలు ఆ పొరలోంచి కనిపిస్తాయి. ఇంత శ్రమ దేనికంటే, రేపు ఇంకా మంచి పద్ధతి తెలిసినవాడు వస్తే కాస్త తడి అద్ది దీన్ని ఊడదీయగలగాలి. చేసిన పనిని వెనక్కి తీసుకోగలగడమే ఈ విద్యకు మొదటి సూత్రం. సెల్లోటేపు, తెల్ల ప్లాస్టిక్ జిగురు, వేడి లామినేషను మూడూ ఈ ఒక్క పరీక్షలోనే తప్పుతాయి.

చిన్నపిల్లలకు వేరే ఆట పెడతాం. కొత్త దినపత్రిక మీద రూపాయి బిళ్ల పెట్టి కొన్నాళ్లు ఎండలో ఉంచమంటాం. బిళ్ల తీస్తే దాని కింద తెల్లగా, చుట్టూ పచ్చగా ఉంటుంది. చౌకరకం కాగితంలో కలప పదార్థమంతా అలాగే ఉండిపోతుంది. అది వెలుతురుకు పచ్చబడి పెళుసెక్కుతుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి కాగితం గుడ్డపీలికలకు బదులు కలపగుజ్జుతో తయారైంది, దానికి పటిక కలిపారు. ఆ పటిక వల్ల పుట్టే ఆమ్లం లోపల్లోపలే పనిచేస్తుంది. అందుకే మూడొందల ఏళ్ల నాటి చేతికాగితం ఇప్పటికీ మడత పడుతుంటే, 1930ల నాటి అచ్చు పుస్తకం మూల మడిస్తే విరిగిపోతుంది. ఈ సంగతి చెబితే పిల్లలు మర్చిపోతారు. బిళ్ల అచ్చు చూసినవాడు ఇంటికెళ్లి పుస్తకాల బీరువాను కిటికీ పక్కనుంచి జరిపిస్తాడు.

తాటాకు దగ్గర మాత్రం పెద్దవాళ్లు కూడా పిల్లలైపోతారు. కొత్త ఆకు మీద గంటంతో పేరు రాయిస్తాం. రాసింది కనపడదు. దీపపు మసి, నూనె కలిపి రుద్ది తుడిస్తే అక్షరాలు నల్లగా తేలతాయి. మన పూర్వీకుల పుస్తకం ఎలా పుట్టిందో అర్థమయ్యాక, ఇంట్లో ఉన్న పాత తాళపత్రాల కట్టను పెళపెళా విప్పకూడదని కూడా అర్థమవుతుంది. నిమ్మగడ్డి నూనె రాస్తారని విని ఎవరికివారు రాసేయడం మంచిది కాదు, అది తెలిసినవాళ్లే చేయాలని అక్కడే చెబుతాం. ఇంకో రెండు మాటలు కూడా. వేపాకు పెట్టుకోవచ్చు గానీ పచ్చిది కాదు, దాని తడీ మరకా పేజీకి అంటుకుంటాయి. కలరా ఉండలు పోసి బీరువా మూసేస్తే పుస్తకానికేమో గానీ తలుపు తీసినవాళ్ల ఊపిరికి మంచిది కాదు. గాలి ఆడనివ్వడం, నెలకొకసారి పుస్తకం కదిలించడం ఈ రెంటికంటే మేలు.

ఈ పని అవసరం ఎంతో 2024 సెప్టెంబరులో మన పక్కనే చూశాం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్ల ముందు తడిసిన పుస్తకాలు, సర్టిఫికెట్లు కుప్పలుగా పడ్డాయి! చాలావాటిని బురద కడగకుండా నిట్టనిలువు ఎండలో పరిచారు, లేదంటే చెత్తబండికి ఎత్తారు. తడిసిన పుస్తకాన్ని మూసి ఉంచే మంచినీళ్లలో బురద వదిలించాలి. రుద్దకూడదు, అంటుకున్న పేజీలను లాగకూడదు. మధ్యమధ్య అచ్చులేని కాగితాలు పెట్టి మారుస్తూ, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. రెండు రోజుల్లో ఆరబెట్టలేమనుకుంటే సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకట్టిన పుస్తకానికి బూజు పట్టదు, తీరిక చూసుకుని తర్వాత బాగుచేసుకోవచ్చు. ఐస్‌క్రీం కొట్టు లేని వీధి బెజవాడలో లేదు. ఆ ఒక్కమాట ముందే తెలిసి ఉంటే ఎన్ని సర్టిఫికెట్లు మిగిలేవో.

1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదలో కూరుకుపోయాయి. దేశదేశాల విద్యార్థులు వరుసగా నిలబడి చేతికి చేయి అందించుకుంటూ వాటిని పైకి తెచ్చారు. ఆరబెట్టడం అక్కడికక్కడే నేర్చుకున్నారు. నేటి పుస్తక సంరక్షణ శాస్త్రం చాలావరకు ఆ బురదలోంచి లేచినదే. అమెరికా గ్రంథాలయ సంఘం 2010 నుంచి సంరక్షణ వారం పేరుతో మామూలు జనానికి ఇంటి పుస్తకాలు, ఫొటోలు కాపాడుకోవడం నేర్పిస్తోంది. మనకు కావలసింది విడిగా ఒక వారం కూడా కాదు, ఉన్న వారంలో ఒక పూట.

మనకు ఇది పరాయి సంప్రదాయం కూడా కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం గ్రంథాలయాన్ని నాలుగు గోడల మధ్య ఉంచలేదు. యాత్రలు చేసింది. పాతూరి నాగభూషణంగారి పూనికతో 1935లో కృష్ణా కాలువ మీద పుస్తకాల పడవ నడిచింది. 1918లో వేటపాలెంలో కుర్రాళ్లు మొదలుపెట్టిన సంఘమే సారస్వత నికేతనమై, పాత తెలుగు పత్రికలను నేటికీ పరిశోధకులకు అందిస్తోంది. పుస్తకాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లిన ఉద్యమం మనది. పుస్తకాన్ని బాగుచేసే గది తలుపు మాత్రం ఇంకా మూసే ఉంది.

అభ్యంతరాలు నాకు తెలుసు. జనం చేతికిస్తే పుస్తకాలు పాడవుతాయంటారు. ప్రతి గ్రంథాలయంలో ఏటా పనికిరావని తీసేసే పుస్తకాలు ఉంటాయి, వాటి మీద చేయి తిప్పుకోనివ్వండి. అన్నీ స్కాన్ చేస్తే సరిపోదా అంటారు. స్కానర్ మీద పేజీ తెరవాలి కదా. పెళుసెక్కిన పుస్తకం అక్కడే విరుగుతుంది, విరిగిన పేజీకి స్కానూ ఉండదు. నేర్పేవాళ్లు ఎవరంటారు. ప్రతి పట్టణంలో ఫారాలు విప్పి కుట్టడం తెలిసిన బైండింగు పనివాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు. అంచులు అడ్డంగా కోసేయకుండా, టిష్యూతో పని చేయడం వాళ్లకు కొద్ది రోజుల శిక్షణతో వస్తుంది. వాళ్లను పిలిచి, కూలి ఇచ్చి, గురువు కుర్చీలో కూర్చోబెట్టండి. శాలువా కూడా వాళ్లకే కప్పండి.

డబ్బు మాటకొస్తే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థల నుంచి అది గ్రంథాలయాలకు సకాలంలో రాదన్నది ఉద్యోగులందరికీ తెలిసిన గోడు. సెస్సు గురించి ఎవరూ అడగకపోవడానికి కారణం, దాంతో ఏం జరుగుతుందో ఎవరూ కళ్లారా చూడకపోవడం. తన చేత్తో ఒక పేజీ అతికినవాడు గ్రంథాలయం కప్పు కురుస్తుంటే ఊరుకోడు, కౌన్సిలర్‌ను ఆపి అడుగుతాడు. వరండా బల్ల వల్ల నాకు కనిపించే అసలు లాభం అదే.

కావలసినవి ఒక బల్ల, నాలుగు బ్రష్షులు, కొంచెం టిష్యూ, అద్దుడు కాగితాలు, ఒక గిన్నె. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, ఈ నవంబరులోనే మొదలుపెట్టొచ్చు. ముగ్గుల పోటీ పక్కనే చోటు చూపించండి. జిగురు నేను ఉడికించి తెస్తాను.