రెఫరీ దేవుడూ కాడు, దొంగా కాడు

"పైసలు తిన్నడు సారూ! గా రెఫరీ పక్కా పైసలు తిన్నడు!"

2024 జూన్ 11 రాత్రి మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఎదురింటి కుర్రాడు అన్న మాట ఇది. వాళ్ల కుటుంబం కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి, ఈ బమ్రోలిలో మరమగ్గాల మీద బతుకుతోంది. ఆ రాత్రి దోహాలో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. ఖతార్ మీద మనం 1-0తో ముందున్నాం. 73వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపిన బంతి గోల్ లైను దాటి బయటికి పోయింది. ఖతార్ ఆటగాడొకడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు. యూసఫ్ ఐమెన్ గోల్లోకి తన్నాడు. దక్షిణ కొరియా రెఫరీ కిమ్ వూ సంగ్ గోల్ ఇచ్చేశాడు. 85వ నిమిషంలో ఖతార్ ఇంకోటి కొట్టింది. 2-1తో ఓడి పోటీ నుంచే బయటపడ్డాం. ఆ దశ మ్యాచ్‌లకు వీడియో రెఫరీ లేడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకూ ఆసియా సమాఖ్యకూ ఫిర్యాదు చేసింది. ఫలితం మారలేదు.

నిర్ణయం తప్పే. అందులో నాకు అనుమానం లేదు. కానీ "తప్పు చేశాడు" అనే మాటకీ "పైసలు తిన్నాడు" అనే మాటకీ మధ్య పెద్ద అగాధం ఉంది. మావాడు దాన్ని ఒక్క గెంతులో దాటేశాడు. రుజువేదిరా అంటే, "కండ్ల ముంగట కనబడ్తలేదా సారూ?" అన్నాడు. బాబాల మహిమల గురించి నాతో వాదించేవాళ్లూ సరిగ్గా ఇదే అంటారు!

నేను చదివింది బి.కాం. ఉద్యోగమంతా రక్షణ పద్దుల లెక్కల్లోనే గడిచింది. ఆ పని నేర్పిన మొదటి పాఠం, తప్పు వేరు, మోసం వేరు అని. వోచర్‌లో 540కి బదులు 450 పడితే ఆ గుమాస్తాను దొంగ అనం. దొంగ అనాలంటే డబ్బు ఏ దారిన పోయిందో కనబడాలి. ఒకే వైపు పదేపదే తప్పు జరగాలి. చెప్పే మనిషో, కాగితమో ఉండాలి.

ఫుట్‌బాల్‌లో దొంగతనమే జరగదని నేననను. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ అనే రెఫరీ పందెంగాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నాడు. 2004 ఆగస్టులో హాంబర్గ్ మీద పాడెర్‌బార్న్‌కు అన్యాయంగా పెనాల్టీలిచ్చి గెలిపించాడు. తోటి రెఫరీలే అనుమానం వచ్చి ఫిర్యాదు చేస్తే 2005లో బయటపడి, తప్పు ఒప్పుకొని, 2 ఏళ్ల 5 నెలల శిక్ష వేయించుకున్నాడు. ఇటలీలో 2006లో యువెంటస్ అంతటి క్లబ్బును రెండో డివిజన్‌కి దించారు. అక్కడ పట్టించింది ఫోన్ సంభాషణల రికార్డులు. రెండు చోట్లా సాక్ష్యం ఉంది కాబట్టి శిక్ష పడింది. దోహా రెఫరీ విషయంలో మన దగ్గరున్నది కోపం ఒక్కటే.

సరే, ఆ కోపాన్ని కూడా లెక్కలో పెడదాం. ఆ రౌండులో మనం ఆడినవి 6 మ్యాచ్‌లు. కొట్టిన గోల్స్ 3. వచ్చిన పాయింట్లు 5. ఆఫ్గనిస్తాన్‌తో ఒకసారి 0-0, తర్వాత గువాహటిలో 1-2తో ఓటమి. అక్కడ మనం కొట్టిన ఆ ఒక్క గోలూ పెనాల్టీయే! కోల్‌కతాలో కువైట్‌తో 0-0. దోహాలో మనకు గెలుపే కావాలి. ఆ తప్పుడు గోల్ కొట్టేసినా, 85వ నిమిషం గోల్ నిలిస్తే 1-1, మనకు మొత్తం 6 పాయింట్లు. అదే రాత్రి ఆఫ్గన్లను ఓడించిన కువైట్‌కు 7. ఆ గోల్ ఇవ్వకపోతే మిగతా ఆట వేరేగా సాగేదేమో, కాదనను. కానీ 540 నిమిషాల్లో 3 గోల్స్ కొట్టిన జట్టు, తన లోటంతా ఒక్క నిమిషం ఖాతాలో రాయడం ఎక్కడి పద్దు?

అభిమాని పుస్తకంలో ఒక్క డెబిట్ పక్కే ఉంటుంది. మనకివ్వని పెనాల్టీ ఇరవై ఏళ్లు గుర్తుంటుంది. మన డిఫెండర్ చేతికి బంతి తగిలినా రెఫరీ చూడనిది మ్యాచ్ అయ్యేలోపే మరిచిపోతాం. జాతకాల వ్యాపారం నడిచేది కూడా ఇలాగే కదా. ఫలించిన జోస్యం నోటికొస్తుంది, తప్పినవి ఎవరికీ గుర్తుండవు. 1986లో ఇంగ్లండ్ మీద చేత్తో గోల్ కొట్టి, మారడోనా అందులో దేవుడి చెయ్యి ఉందన్నాడు. ఆ చెయ్యి మారడోనాదే! తన పని దేవుడికి అంటగట్టి తప్పించుకోవడం మన దేశంలో కొత్త విద్య కాదు.

మరి రెఫరీలు ఎటూ మొగ్గరా అంటే, మొగ్గుతారు. దానికి లంచం అక్కర్లేదు. 2002లో నెవిల్, మరికొందరు పరిశోధకులు 40 మంది రెఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 ఘటనలు చూపించారు. కొందరికి ప్రేక్షకుల గోల వినిపించారు, కొందరికి వినిపించలేదు. గోల విన్నవాళ్లు సొంతగడ్డ జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు 15.5 శాతం తక్కువ. వాళ్లకెవరూ పైసా ఇవ్వలేదు. మనిషి చెవి అలా పనిచేస్తుంది, అంతే. కుట్ర సిద్ధాంతం చెప్పేవాడికి ఇది రుచించదు. ఎందుకంటే ఇందులో తిట్టడానికి విలన్ లేడు.

విలన్ కావాలనుకునేవాళ్లు ఏం చేస్తారో కూడా చూశాం. 2009 మే 6న చెల్సీ, బార్సిలోనా మ్యాచ్‌లో నార్వే రెఫరీ ఓవ్రెబో చెల్సీ అడిగిన పెనాల్టీలు ఒకటి తర్వాత ఒకటి నిరాకరించాడు. తప్పులు జరిగాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ లోపల చంపుతామని బెదిరింపులు! ఒక పెనాల్టీకి ఒక ప్రాణమా? చేతబడి చేసిందని ముసలమ్మను కొట్టే గుంపుకీ వీళ్లకీ తేడా ఏమిటి?

ఇంతవరకు అభిమానిని తిట్టాను కాబట్టి సమాఖ్యల పెద్దలు నన్ను తమవాడనుకోవచ్చు. కాను. వాళ్లదీ ఒక మూఢనమ్మకమే. "రెఫరీ మాటే తుది మాట" అంటారు. ఆట నియమాల్లో ఆ మాట ఉంది, ఉండాలి కూడా. లేకపోతే ఏ మ్యాచూ ముగియదు. మార్చి 31న ఖాతా మూసేస్తాం. కానీ ఖాతా మూసినంత మాత్రాన ఆడిట్ అభ్యంతరం చచ్చిపోదు. తుది నిర్ణయం అంటే సరైన నిర్ణయం అని అర్థం కాదు. ఈ రెంటినీ కలిపేసిన చోట రెఫరీ మాట వేదమైపోతుంది.

2023 మార్చి 3న బెంగళూరులో ఏం జరిగింది? ఐఎస్‌ఎల్ నాకౌట్ అదనపు సమయంలో, కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు గోడ కట్టకముందే సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ గోల్లోకి కొట్టాడు. త్వరగా ఫ్రీకిక్ తీసుకోవడం నియమాల ప్రకారం తప్పు కాదు. విజిల్ కోసం ఆగమని రెఫరీ చెప్పాడా లేదా అన్నదే తగవు. బ్లాస్టర్స్ మైదానం వదిలి వెళ్లిపోయారు. అదీ తప్పే. వాళ్లకు 4 కోట్ల జరిమానా పడింది. శిక్ష అంకె దేశమంతా తెలిసింది. ఆ క్షణంలో రెఫరీ నోటి వెంట ఏం వచ్చిందో మాత్రం టిక్కెట్టు కొన్న మనిషికి వినిపించలేదు.

ఇంగ్లండులో అదే ఏడాది సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ కొట్టిన మంచి గోల్‌ని వీడియో రెఫరీ ఉండి కూడా పోగొట్టారు. మైదానంలో గోల్ ఇచ్చారనుకొని, ఇవ్వని నిర్ణయాన్ని సరేనన్నారు. యంత్రం ఉన్నంత మాత్రాన తప్పు పోదని దీంతో తేలిపోయింది. కానీ తప్పు ఒప్పుకొని, 3 రోజులకు ఆ సంభాషణ మొత్తం జనానికి వినిపించారు. ఫలితం మారలేదు. కానీ ఎవడు ఎక్కడ పొరబడ్డాడో తేలింది కాబట్టి, లంచం కథకు చోటు లేకుండా పోయింది. నేనడిగేది ఇదే. వివాదమైన ప్రతి నిర్ణయానికీ కారణం రాయండి. రికార్డు ఉంచండి. జనం ముందు పెట్టండి. చీకటి ఉన్నచోటే దయ్యాలు పుడతాయి, కుట్ర కథలూ అక్కడే పుడతాయి.

ఇదంతా మా కుర్రాడికి చెప్పాను. కాసేపు ఊరుకొని అన్నాడు: "మా కార్ఖానల గూడ గంతే సారూ. తాకా డ్యామేజీ అంటరు, పైసలు కోస్తరు. బట్ట చూపియ్‌మంటే చూపియ్యరు."

"మరి మీ సేఠ్ దొంగా?" అన్నాను.

"ఏమో సారూ. బట్ట చూపిస్తే గద తెలిసేది!"

నేను గంటసేపు చెప్పింది వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. రెఫరీని దొంగ అనే ముందు బట్ట చూపించమని అడగండి. రెఫరీని దేవుడనేవాణ్నీ అదే అడగండి.