పాట వండే పాకం

పాత వస్తువుల మీద మోజు లోకానికి కొత్త కాదు. అమ్మమ్మ కాసులపేరు మనవరాలు అడిగి పెట్టుకోవడం లేదూ? అయితే పాట పాడేవాళ్ళు పాత యంత్రం కోసం సముద్రం దాటి వెళ్ళారంటే మాత్రం కొంచెం వింతే.

అమెరికాలో డెట్రాయిట్ పట్నంవాళ్ళు జాక్ వైట్, మెగ్ వైట్ అని ఇద్దరుండేవారు. ఒకరు గిటారు, ఒకరు డ్రమ్ములు, అంతే బృందం. పేరు 'ది వైట్ స్ట్రైప్స్'. 2002లో వీరు లండన్‌లోని టో రాగ్ అనే చిన్న స్టూడియోకు వెళ్ళి, చాలావరకు రెండు వారాల్లోనే ఒక ఆల్బం రికార్డు చేశారు. కంప్యూటరును దగ్గరకు రానివ్వలేదు. అన్నీ పాతకాలపు యంత్రాలే; ఎనిమిది వరుసల టేపు. 'ఎలిఫెంట్' అనే ఆ ఆల్బం 2003లో వెలువడి, మరుసటి ఏడు గ్రామీ బహుమతి కూడా తెచ్చుకుంది.

ఎందుకీ పట్టుదల అంటారా? చెరకు ఎరిగిన బోధన్ వారికి యీ సంగతి చెప్పడం తేలిక. చెరకురసం ధార, చక్కెర పలుకు. అనలాగ్ అంటే ధార. గాలిలో శబ్దం యెట్లా ఎక్కి దిగితే, టేపు మీది అయస్కాంతపు గుర్తూ అట్లాగే ఎక్కి దిగుతుంది. డిజిటల్ అంటే పలుకు. సీడీ కోసం శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. పలుకు మరీ సన్నం గనుక చెవికి ధారలాగే వినిపిస్తుంది. అంచేత టేపు పాటే తీపి, సీడీ పాట చప్పన అనే వాదం నాకు నచ్చదు. చక్కెర తీపి కాదంటే బోధన్‌లో ఎవరొప్పుకుంటారు?

తేడా రుచిలో కాదు, వండే పద్ధతిలో వుంది. బెల్లం పాకం ముదిరిందంటే వెనక్కి తిప్పలేం. టేపూ అంతే. కంప్యూటరులో చరణానికొక ముక్క పాడి అతికించవచ్చు, తప్పిన శ్రుతిని సరిచేయవచ్చు. ఎనిమిది వరుసల టేపు మీద అన్ని సదుపాయాలు లేవు. అంచేత కలిసి కూర్చుని, బాగా సాధన చేసి, మనసు పెట్టి పాడవలసిందే. ఒకనాటి మన సినిమా పాటలూ ఇట్లా పుట్టినవే. ఘంటసాల పాడుతూంటే వాద్యబృందం అక్కడే వుండేది. చివర ఒక వయొలిన్ తడబడితే అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే.

ఇంతకూ యీ టేపు డెట్రాయిట్ వాళ్ళ సొత్తేమీ కాదు సుమండీ. 1980లలో, 90లలో నిజామాబాదు జిల్లా పల్లెలనుంచి గల్ఫుకు వెళ్ళినవారి ఇళ్ళలో క్యాసెట్టే ఉత్తరం. చదువురాని తల్లి టేపురికార్డరు ముందు కూర్చుని, "కొడుకా, మంచిగున్నవా?" అని మొదలుపెట్టేది. వెనక దూడ అరుపు, చంటిపిల్ల ఏడుపు, వీధిలో చెరకుబండి చప్పుడు అన్నీ పడేవి. తుడిచేందుకు వీల్లేక మిగిలిపోయిన ఆ చప్పుళ్ళే ఇవాళ మనకు ఆస్తి. 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర మూతపడింది. దాని రొద ఏ తల్లి మాటల వెనకనైనా పడివుంటే, ఆ క్యాసెట్టుకు వెల కట్టగలమా?

కాని టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఇనుప తుప్పే. చెమ్మ తగిలితే పాడవుతుంది. అంచేత బీరువాలోని క్యాసెట్లను ఒకసారి బయటికి తీయండి. తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టకండి, తెలిసినవారికి చూపండి. బాగుంటే వెనక అంచునున్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. దానిమీద మరొకటి పొరపాటున రికార్డు కాదు. తరువాత కంప్యూటరులోకి ఒక నకలు తీయించండి. క్యాసెట్టును మాత్రం పారేయక, ఎండా చెమ్మా తగలనిచోట, స్పీకర్లకు దూరంగా, డబ్బాలో నిలబెట్టి దాచండి.

నకలు తీసేవారు "అమ్మా, వెనక గోల తీసేయమంటారా?" అని అడగవచ్చు. వద్దనండి. ఆ దూడ అరుపుతో సహా వుండనీయండి.

ధారను నిలుపుకోవడానికి చివరకు పలుకు చేయవలసిరావడం తమాషాయే గాని, తప్పదు. కోసిన చెరకును రోజుల తరబడి ఎవరూ వుంచరు గదా!