ఆన్సెల్ ఆడమ్స్‌ని సాక్ష్యానికి పిలవకండి

కొండల మీద ఎండ ఫోటోలకి రంగు మరీ ఎక్కువైందని ఎక్కడైనా ఒక మాట అని చూడండి. జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఆన్సెల్ ఆడమ్స్ చెయ్యలేదా?" దాంతో వాదన ముగిసిందనుకుంటారు. నాకైతే అసలు వాదన అక్కడే మొదలవుతుంది. ఆయన్ని సాక్ష్యానికి పిలిచేవాళ్ళు ఆయన చేసిందాంట్లో సగమే చెప్తున్నారు.

చేశాడు, కాదనను. 1927లో యోసెమిటీలో హాఫ్ డోమ్‌ని ముందు పసుపు ఫిల్టరుతో తీశాడు. తన మనసులో ఉన్నంత గంభీరంగా ఆకాశం రాదని తోచి, మిగిలిన ఆఖరి ప్లేటుని ముదురు ఎర్ర ఫిల్టరుతో తీశాడు. ఎర్ర ఫిల్టరు నీలాన్ని ఆపేస్తుంది కనక ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరిమీద చంద్రోదయాన్ని తీశాడు. శ్మశానంలో శిలువల మీదున్న ఆఖరి ఎండ రెండో ఫోటో తీసేలోపే పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి దశాబ్దాలపాటు ప్రింట్లు వేస్తూ, కాగితం మీద ఆకాశం భాగానికి ఎక్కువసేపు వెలుగు తగిలించి, దాన్ని అంతకంతకూ నలుపు చేశాడు. తొలి ప్రింట్లలో పైన కనిపించే పల్చటి మబ్బులు తర్వాతి వాటిలో చీకట్లో కలిసిపోయాయి.

ఇంత చేసినా ఆయన ఒక పని చెయ్యలేదు. లేని ఎండని తెచ్చి పెట్టలేదు. నీడ పడ్డ వైపు నీడే ఉంది, శిలువల మీద వెలుగు ఆ సాయంత్రపు వెలుగే.

ఇప్పటి పద్ధతి వేరు. ఆకాశాన్నే మార్చేసే సదుపాయం 2020లో ఫోటోషాప్‌లోకి కూడా వచ్చింది. మధ్యాహ్నపు వెలవెలబోయిన ఆకాశాన్ని తీసేసి సంధ్యాకాశాన్ని అతికిస్తుంది, నేల రంగుని కూడా దానికి తగ్గట్టు సర్దుతుంది. నీడల్ని మాత్రం సర్దలేదు. సూర్యుడు కొండ వెనక వెలిగిపోతుంటాడు, చెట్ల నీడలు కొండవైపే పడి ఉంటాయి! ఎండకీ వ్యాకరణం ఉంది. పొద్దు కిందకి ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అప్పుడే నీడలు సాగుతాయి, కొండ మడతలు బయటపడతాయి. ఆ ఎరుపూ ఆ పొడుగు నీడలూ కవల పిల్లలు. ఒకదాన్ని మాత్రం తెచ్చుకుని రెండోదాన్ని వదిలేస్తే కర్త ఒకటీ క్రియ ఒకటీ అయిన వాక్యంలా ఉంటుంది.

ఆడమ్స్‌తో నిజంగా పేచీ పడాలంటే ఆకాశం దగ్గర కాదు, ఇంకోచోట పడాలి. 1944 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ దగ్గర తీసిన సియెరా నెవాడా శీతాకాల సూర్యోదయం ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి. నాలుగు తెల్లవారుజాములు ఫలితం లేక, ఐదోనాడు చలిలో కాచుక్కూచుంటే దక్కింది. అక్కడ నల్లటి గుట్టమీద బడిపిల్లలు తెల్లరాళ్ళతో తమ ఊరిపేరు పొడి అక్షరాలు పేర్చారు. ఆడమ్స్ వాటిని చెరిపేశాడు. ఆయనకది కొండమీద మచ్చ. నాకది అక్కడ మనుషులున్నారన్న గుర్తు. ఎండని ముదురు చెయ్యడం వ్యాఖ్యానం, మనుషుల్ని చెరపడం అబద్ధం. ఇక్కడ నేను ఆడమ్స్ పక్షాన లేను.

కానీ ఆయన దాచలేదు. 1983లో వచ్చిన తన పుస్తకంలో ఆ అక్షరాలు తీసేశాననీ, దానికి విమర్శలు వచ్చాయనీ తనే రాశాడు. అసలు ఆ రోజుల్లో ఆయన ఆ లోయకి వెళ్ళిందే మాంజనార్ శిబిరంలో నిర్బంధించిన జపనీస్ అమెరికన్ల ఫోటోల కోసం. కొండ నుంచి మనిషి గుర్తుని చెరిపినవాడే ఆ కొండల కింద బందీలైన మనుషుల్ని పేర్లతో సహా లోకానికి చూపించాడు. ఆయన పేరు అడ్డం పెట్టుకునేవాళ్ళు ఈ రెండిట్లో దేన్ని పాటిస్తున్నారు?

ఇదంతా అమెరికా గొడవ కాదు. పాడేరు దగ్గరి వంజంగి కొండనే చూడండి. చీకట్లో ఎక్కి, కింద పరుచుకున్న మబ్బుల మీదుగా పొద్దు పొడవడం చూడటానికి జనం వస్తారు. అక్కడ చాలాసేపు ఉండేది లేతనీలం, బూడిదరంగు, పాలవిరుగుడు తెలుపు. ఫోన్లలో తిరిగే వంజంగి మాత్రం నిప్పుల కుంపటి. కొండెక్కినవాళ్ళు లేరు, వాళ్ళు పారేసిన ప్లాస్టిక్ లేదు, ఏజెన్సీ పల్లెలూ కాఫీ తోటలూ లేవు. దిగివచ్చేవాళ్ళు "ఫోటోలో ఉన్నట్టు లేదే" అనుకోవడం నా చెవులతో విన్నాను. అసలుని చూసి నకలులా లేదని నొచ్చుకోవడం! నా కోపమంతా ఇక్కడే. ఆ ఫోటోలు కొండని అందంగా చూపించడం లేదు. ఉన్న కొండ చాలదని మనకి నేర్పుతున్నాయి.

ఎడిటింగ్ మానెయ్యమని నేననడం లేదు. ముదురు చెయ్యండి, తేలిక చెయ్యండి, మీకు తోచినట్టు ప్రింటు వెయ్యండి. ఆకాశం మారిస్తే మార్చానని ఫోటో కిందే రాయండి. రాయడానికి సిగ్గనిపిస్తే, ఆ ఆకాశం అక్కర్లేదన్నమాటే.