చర్చి గుమ్మంలో మామ్మగారు

నిరుడు వేసవిలో మా అమ్మాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్ళి రెండు నెలలుండి వచ్చాము. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా లండను గడియారం గూర్చీ, రాజుగారి కోట గూర్చీ చెబుతారు. మా ఆవిడను అడిగితే మాత్రం, “ఒక రాయిని చూసి వచ్చామండీ” అంటుంది. అడిగినవాళ్ళు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేసుకుంటారు. ఈ వారం ఆ రాయి సంగతేదో మీతో చెప్పేసి బరువు దించుకుంటాను.

యార్క్‌షైరు తూర్పు భాగంలో, సముద్రానికి అయిదారు మైళ్ళ ఇవతల రడ్‌స్టన్ అనే చిన్న వూరున్నది. మిట్టమీద పాతకాలపు చర్చి, దాని చుట్టూ సమాధులు, వాటి మధ్య పచ్చగడ్డి. చర్చి బురుజు నార్మన్ రాజుల నాటిది. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ మాట. ‘అబ్బో, ఎంత పాతదో!’ అని మనం నోరు తెరిచేలోగానే, గోడకు దగ్గరగా సమాధుల మధ్య నుంచి ఒక రాయి లేచి నిలబడి కనిపిస్తుంది. ఎత్తు 25 అడుగులు. మన మేడమీద గది కిటికీలోంచి చూసినా దాని నెత్తి అందదు. బ్రిటనులో ఇంతకన్న పొడుగైన నిలువురాయి లేదు. వానకు చెడకుండా నెత్తిన చిన్న రేకు టోపీ కూడా పెట్టారు.

ఆ ప్రాంతమంతా సుద్దనేల. ఈ రాయి ఆ నేలది కాదు. పది మైళ్ళ ఉత్తరాన సముద్రపుటొడ్డు నుంచి వచ్చిందని దాని జాతిని బట్టి శాస్త్రజ్ఞులు చెబుతారు. బరువు సుమారు 40 టన్నులు. ఇనుమన్నది ఎరగని మనుషులు, నాలుగువేల ఏళ్ళనాడు దాన్ని అక్కడికి లాక్కొచ్చి నిలబెట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక పెద్దమనిషి మొదట్లో తవ్వించి చూసి, పైన ఎంతుందో భూమిలోపల కూడా అంతే వుందని చెప్పాడట. అంత నమ్మబుద్ధి కాదు గాని, రాయిముందు నిలబడి వింటే నమ్మాలనే అనిపిస్తుంది.

ఆ వూళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. చర్చి కట్టడం సైతానుకు గిట్టలేదట. కోపం వచ్చి దానిమీదికి ఈ బండ విసిరాడట. గురితప్పి పక్కన పడిందట. “పాతిక అడుగుల బండ విసరగలిగినవాడికి చర్చి అంత గురి కనబడలేదుటండీ?” అన్నది మా ఆవిడ. గురి మాట అట్లా వుంచి, లెక్కే తారుమారు. రాయి వచ్చిన మూడువేల ఏళ్ళకు చర్చి వచ్చింది. ఎవరైనా వచ్చి పక్కన కూర్చున్నారంటే అది చర్చే.

ఇంతలో ఆవిడ చెప్పులు విడిచి రాయికి నమస్కారం పెట్టింది. మా అమ్మాయి గాభరాగా అటూ ఇటూ చూసి, “అమ్మా! ఎవరైనా చూస్తారే” అన్నది.

“చూస్తే చూడనీ. అంత పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడితే చెయ్యెత్తకుండా ఎట్లా వస్తామే?”

ఆవిడకు నిలువురాళ్ళు కొత్తకాదు లెండి. మేనమామగారిది మక్తల్ వైపు. అక్కడికి దగ్గర్లో కృష్ణ ఒడ్డున ముడుమాల్ వుంది. మనిషికి రెండింతలెత్తు రాళ్ళు పొలాల్లో బారులుతీరి వుంటాయి. అందులో ఒకదాన్ని వూరివాళ్ళు ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ఆ రాళ్ళు యునెస్కో వారి పరిశీలన జాబితాలోకి ఎక్కాయి. ఆ జాబితా పుట్టకముందు నుంచీ ఆవిడకు తెలిసిన పద్ధతి ఒకటే, దణ్ణం పెట్టడం.

దణ్ణం మాటకేం గాని, నాకు వేరే సందేహం పట్టుకుంది. కొత్త మతం వచ్చినప్పుడు పాత రాయిని పడగొట్టకుండా పక్కనే చర్చి ఎందుకు కట్టారు? ఇంటికి వచ్చాక చదవటం మొదలుపెట్టాను.

రోములోని గ్రెగరీ పోపు 601లో కెంటు రాజు ఎథెల్‌బర్టుకు ఉత్తరం రాస్తూ, విగ్రహాల గుళ్ళు పడగొట్టమన్నాడు. నెల తిరక్కుండానే ఆలోచన మారింది. మెల్లిటస్ అనే మతగురువుకు ఇంకో ఉత్తరం వెళ్ళింది. విగ్రహాలు తీసెయ్యండి గాని గుళ్ళు కూల్చకండి, పవిత్రజలం చల్లి వాటినే చర్చిలు చేసుకోండి, జనం అలవాటుపడ్డ చోటికి తేలిగ్గా వస్తారు అన్నది అందులోని సారాంశం. పండుగకు పశువులను కొట్టుకు తినే అలవాటు కూడా మాన్పించవద్దన్నాడు, దేవుడి పేరు మారిస్తే చాలునట. ఆరోజుల్లోనే ఇంత లౌక్యం!

అయితే ఆ ఉత్తరంలో గుళ్ళ సంగతే గాని రాళ్ళ సంగతి లేదు. రాళ్ళ సంగతి 789లో షార్లమేన్ చక్రవర్తి ఆజ్ఞాపత్రంలో వుంది. చెట్ల దగ్గరా, బండల దగ్గరా, ఊటల దగ్గరా దీపాలు పెట్టే తెలివితక్కువవాళ్ళను మాన్పించమని అందులో మతాధికారులకు తాకీదు. నేను ఆ ముక్క చదివి వినిపించేసరికి మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వస్తోంది. ఏమీ అనలేదు. అనకపోవటం కూడా ఒక జవాబే.

తాకీదులు వెళ్ళాయి గాని, ఒక్కొక్క వూరు ఒక్కొక్క దారి తొక్కింది. ఫ్రాన్సులో బ్రిటనీ అనే సముద్రతీర ప్రాంతంలో సెంటుజెక్ రాయి వుంది. ఇదీ రడ్‌స్టన్ రాయి అంతటిదే. 1674లో దాని నెత్తిన సిలువ చెక్కి, ముఖాన క్రీస్తును కొట్టిన కొరడా, మేకులు, నిచ్చెన, సూర్యచంద్రులు అన్నీ చెక్కి రంగులు వేశారు. రంగులు పోయాయి, చెక్కడం మిగిలింది. అన్నివేల ఏళ్ళు మాటాడకుండా నిలబడ్డ రాయికి ఒక్కసారిగా అన్ని నగలూ పెట్టినట్టుంటుంది. అదే దేశంలో లమాన్ పట్టణంలో పెద్ద చర్చి మూలను ఒక ఎర్రని ఇసుకరాయి, పదిహేను అడుగులది, గోడకు జారగిలబడి వుంది. మడతలు పడ్డ గుడ్డలా కనిపిస్తుంది. దాన్ని 1778లో తెచ్చి అక్కడ చేర్చారు. దాని గుంటలో బొటనవేలు పెట్టి చూడటం వచ్చిపోయేవాళ్ళకు సరదా. స్కాట్లండులో మిడ్‌మార్ అనేచోట ఇంకో చిత్రం. అక్కడ 1787లో రాళ్ళ వలయం పక్కన చర్చి కట్టారు. 1914లో వలయం చుట్టూ సమాధులకు స్థలం వేశారు. వలయం లోపల మాత్రం ఒక్క సమాధి లేదు. గడ్డి పెంచి వూరుకున్నారు.

ఇన్ని చదివాక, పాత చర్చి కనిపించిన చోటల్లా కింద ఆదిమ మానవుల రాళ్ళు వుండే వుంటాయని నాకు నమ్మకం కుదిరింది. కుదిరిన మర్నాడే దెబ్బతిన్నది. వేల్సులో ఇస్పటీ కన్వీన్ అనే చర్చి ప్రహరీ గోడలో పెద్ద పెద్ద నిలువురాళ్ళున్నాయి. అది ప్రాచీన శిలావలయమని పుస్తకాలలో చాలాకాలం రాశారు. తీరా పరిశీలించి చూస్తే, వాటిలో కొన్ని పందొమ్మిదో శతాబ్దంలో గోడకోసం నిలబెట్టినవే. అంచేత ప్రతి బండకూ నాలుగువేల ఏళ్ళ వయసు కట్టరాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, గర్న్‌సీ మామ్మగారి కథ ఒక ఎత్తు.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో గర్న్‌సీ అనే చిన్న ద్వీపం వుంది. విక్టర్ హ్యూగో మహాశయుడు దేశబహిష్కృతుడై 1855 నుంచి అక్కడ కాపురముండి ‘లె మిజరాబ్ల్’ పూర్తిచేశాడు. మనకు నాగయ్యగారి ‘బీదలపాట్లు’ సినిమా కథ అదే. ఆ ద్వీపంలో సెయింట్ మార్టిన్ చర్చి ఆవరణలో, మనిషెత్తున ఆడమూర్తి ఒకటి వుండేది. నాలుగువేల ఏళ్ళనాడు వక్షాన్ని చెక్కిన రాయి. ముఖం తరువాతెప్పుడో, బహుశా రోమనుల కాలంలో, మళ్ళీ చెక్కారు. స్థానిక భాషలో ఆమె పేరుకు ‘శ్మశానపు మామ్మ’ అని అర్థం. సమాధుల మధ్య వుంటుంది గనుక ఆ పేరు, భయపడి పెట్టింది కాదు.

జనం ఆదివారం చర్చికి వచ్చేవారు, ప్రార్థన చేసేవారు, మామ్మ దగ్గర నాలుగు పువ్వులో ఒక నాణెమో పెట్టి వెళ్ళేవారు. రెంటికీ తగువుందని వాళ్ళకు తోచలేదు. చర్చి వ్యవహారాలు చూసే ఒక పెద్దమనిషికి తోచింది. మన ధర్మకర్త లాంటి వాడనుకోండి. దేవుడి ఆవరణలో విగ్రహారాధన ఏమిటని, 1860లో మామ్మను రెండు ముక్కలు చేయించాడు.

ఆయన్ను దుర్మార్గుడనటానికి నాకు నోరు రాదు. తాను నమ్మినదాన్ని నిజంగా నమ్మినవాడు. పైగా పుస్తకం ప్రకారం ఆయన మాటే రైటు. షార్లమేన్ తాకీదును వెయ్యేళ్ళ తరువాత అమలు జరిపినవాడు. వూరివాళ్ళకు మాత్రం మండిపోయింది. వాళ్ళేమీ పాతమతం వాళ్ళు కారు, ఆ చర్చిలోనే పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు, పిల్లలకు పేర్లు పెట్టించుకున్నవాళ్ళు. మా మామ్మను మాకు నిలబెట్టి ఇవ్వమన్నారు. చివరకు రెండు ముక్కలనూ సిమెంటుతో అతికి, లోపల వద్దన్నారు గనుక చర్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. రాజీ అంటే అట్లా వుండాలి. లోపలికి పోయేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు ఇప్పుడు అందరూ ఆవిడ ముందునుంచే నడవాలి!

ఇంకో పద్దెనిమిదేళ్ళకు అదే ద్వీపంలో మరో వింత జరిగింది. 1878లో కాటెల్ అనే ఇంకో చర్చిలో గర్భాలయం వంటి చోట నేల తవ్వితే, కింద ఇట్లాంటిదే ఇంకో ఆడమూర్తి బయటపడింది. మెడలో హారంతో సహా. పైన ఎన్ని తరాలు ప్రార్థనలు జరిగాయో, కింద ఆవిడ అన్నీ వింటూ పడుకునే వుంది. ఇప్పుడు ఆవిడను కూడా చర్చి ఆవరణలో నిలబెట్టారు.

మామ్మగారి ఫోటో సంపాదించి మా ఆవిడకు చూపించాను. నెత్తిమీద ఎవరో పెట్టిన నాణేలు, మెడలో పూలదండ. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఈనాటికీ శుభమని దండ వేస్తారు. అతుకు మాత్రం స్పష్టంగా తెలుస్తూనే వుంది. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, ఆ అతుకు మీద వేలుపెట్టి చాలాసేపు చూసింది.

“ఈసారి వెళ్ళినప్పుడు ఈ వూరు తీసుకెళ్ళండి. ఓడ టిక్కెట్లు రెండు చాలు.”

“అమ్మాయి రాదూ?”

“అది రాదులెండి. ఎవరైనా చూస్తారని దానికి బెంగ.”